గ్రంథాలయాల మధ్య వనరుల పంపిణీ – గ్రామ సేవకుని అవసరత

అపొస్తలుడైన పౌలు కొలొస్సయులకు వ్రాసిన పత్రిక ముగింపులో (4:16) ఒక చిన్న ఏర్పాటు కనబడుతుంది. ఆ పత్రికను తాము చదివిన పిమ్మట లవొదికయ సంఘంలో చదివించమనీ, అక్కడనుండి వచ్చే పత్రికను తాము చదువుకొమ్మనీ అతడు కోరాడు. ఒకరి వద్దనున్నది మరియొకరికి అందాలన్నదే ఇందలి భావం. గ్రంథాలయ శాస్త్రం నేడు దీనినే వనరుల పంపిణీ అంటున్నది.

ఇది ముఖ్యంగా రెండు పనులపై ఆధారపడి ఉంటుంది. మొదటిది ఉమ్మడి పట్టిక. ఏ పుస్తకం ఏ గ్రంథాలయంలో ఉన్నదో దీనివలన తెలుస్తుంది. రెండవది గ్రంథాలయాల మధ్య ఎరువు. ఇందులో పుస్తకం పాఠకునికి కాక అతని గ్రంథాలయానికి ఇవ్వబడుతుంది. తిరిగి చేర్చే బాధ్యత ఆ గ్రంథాలయానిదే. 1988లో ఢిల్లీలో ఆరంభమైన డెల్‌నెట్ ఈ పద్ధతిలోనే సభ్య గ్రంథాలయాలను కలిపింది. 1991లో ఆరంభమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపింది. దాని శోధ్‌గంగలో పరిశోధన గ్రంథాలను ఎవరైనను ఉచితంగా చదువవచ్చును.

అయితే ఇక్కడ ఒక చిక్కు కలదు. ఈ వలయాలు సంస్థలను కలుపుతాయి గాని ఒంటరి పాఠకుని కలుపవు. తెనాలి, రేపల్లె, బాపట్లల నడుమ చెరుకుపల్లిలో సేవచేసే కాపరి ఏ గ్రంథాలయంలోను సభ్యుడు కాకపోతే, హైదరాబాదు వేదాంత కళాశాలలోని వ్యాఖ్యాన గ్రంథం అతనికి లేనట్లే.

పుస్తకమే పాఠకుని యొద్దకు వెళ్లడం మన డెల్టాకు క్రొత్త కాదు. పాతూరి నాగభూషణం గారు 1935లో కొల్లూరు, పెదవడ్లపూడిల మధ్య కాలువపై పడవలో గ్రంథాలయం నడిపించారు. కాలువ గట్టు గ్రామాలవారు పుస్తకాలు తీసుకొని చదివి తిరిగి ఇచ్చేవారు. కంప్యూటర్లు లేని దినాలలో ఇది సాధ్యమైనది.

మా తప్పిదాన్ని కూడా ఒప్పుకొనవలెను. మా అలమారలోని పుస్తకాల జాబితా మేమెన్నడూ వ్రాయలేదు. ఒక పాత తెలుగు వ్యాఖ్యానాన్ని చెదలు తినివేసిన తరువాతనే, పొరుగు సంఘ కాపరి చాలాకాలంగా దానికొరకే వెదకుతున్నాడని తెలిసింది. అతడు మమ్మును అడుగలేదు, ఎందుకనగా అది మా యొద్ద ఉన్నదని అతనికి తెలియదు.

కావున మొదటి మెట్టు జాబితాయే. ఈ ప్రాంత సేవకులు తమ పుస్తకాల పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం వ్రాసి ఒకచోట చేర్చాలి. తరువాత ఆ ఉమ్మడి జాబితాతో ఒక వేదాంత కళాశాల గ్రంథాలయాన్ని సమీపించి, వ్యక్తులుగా కాక ఒక పఠన కేంద్రంగా సభ్యత్వం కోరవచ్చును. తీసుకొన్న పుస్తకాన్ని గడువులోగా తిరిగి ఇచ్చే నమ్మకత్వం ఉన్నంతవరకే ఈ ఏర్పాటు నిలుస్తుంది. సెమినరీ విద్యార్థులు సెలవులలో ఇంటికి వచ్చినప్పుడు ఈ జాబితా పనిలో తమ కాపరులకు తోడ్పడితే, అది సంఘానికి చేసిన మంచి సేవ కాగలదు.