విత్తనపు పొట్టేలు ఎప్పుడు పనికి వస్తుంది?

మన చదువు కేంద్రానికి వచ్చే అక్కల్లో చాలామందికి గొర్రెలే ఆధారం. పిల్లలు బాగా పుట్టిన ఏడు ఇంట్లోకి నాలుగు డబ్బులు వస్తాయి. పుట్టని ఏడు అప్పు వస్తుంది. తల్లి గొర్రెను అందరం బాగానే చూసుకుంటాం. మరి పొట్టేలు సంగతి ఎవరు చూస్తారు?

ఒక పెద్దమ్మ సంగతి చెబుతాను. ఆమెకు 28 తల్లి గొర్రెలు ఉన్నాయి. పాత పొట్టేలు చచ్చిపోయింది. సంఘంలో అప్పు తీసుకుని కొత్త పొట్టేలును కొన్నది. దాని వయసు 9 నెలలు. చూడంగానే ముద్దొచ్చేది. ఎత్తుగా ఉంది, మెడ నిండుగా ఉంది. తొలకరి పడగానే దాన్ని మందలో వదిలింది. అది గొర్రెల వెంట పడింది, దాటింది కూడా. పెద్దమ్మ నిశ్చింతగా ఉంది.

ఈత రోజులు వచ్చాయి. 28 గొర్రెల్లో 11 మాత్రమే ఈనాయి. మిగతా 17 చూడి కట్టనే లేదు. పొట్టేలు చూస్తే ఎముకలు తేలి ఉంది. అప్పు కిస్తీ కట్టటానికి పెద్దమ్మ రెండు తల్లి గొర్రెలను అమ్ముకుంది.

"ఏం చేస్తాం, నా రాత" అన్నది పెద్దమ్మ. పశువుల డాక్టరు గారు ఒప్పుకోలేదు. "రాత కాదమ్మా, తొందర. చిన్న పిల్లగాడి నెత్తిన పెద్ద మూట పెట్టావు" అన్నారు.

దాటినంత మాత్రాన పొట్టేలు విత్తనానికి సిద్ధమైనట్లు కాదు. ఎప్పుడు సిద్ధమవుతుందో మనమే చూసి తెలుసుకోవాలి.

పొట్టేలు సగం మంద

ప్రతి పిల్లకూ సగం గుణం తల్లి నుంచి, సగం గుణం తండ్రి నుంచి వస్తుంది. ఒక గొర్రెలో లోపం ఉంటే ఆ గొర్రె పిల్లలకే నష్టం. అదే పొట్టేలులో లోపం ఉంటే మందలో పుట్టిన పిల్లలందరికీ నష్టం. అందుకే పొట్టేలును సగం మంద అంటారు.

వయసు ఎంత ఉండాలి?

పొట్టేలు పిల్ల 5, 6 నెలలకే గొర్రెల వెంట పడుతుంది. కానీ అప్పటికి దాని ఒళ్ళు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. అప్పుడే పనికి వాడితే ఎదుగుదల ఆగిపోతుంది. వీర్యం కూడా చాలినంత ఉండదు. ఏడాదిన్నర వయసు నిండాక వాడటం మంచిది.

అమ్మేవాళ్ళు వయసు ఎక్కువ చేసి చెప్పవచ్చు. పళ్ళు మాత్రం అబద్ధం చెప్పవు. గొర్రెకు ముందు పళ్ళు కింది దవడకే ఉంటాయి, మొత్తం 8. పై దవడకు ముందు పళ్ళు ఉండవు, గట్టి చిగురే ఉంటుంది. కింది పెదవి దించి చూడండి.

అన్నీ చిన్న పాలపళ్ళే ఉంటే ఇంకా ఏడాది దాటనట్లు లెక్క.
నడుమ రెండు పెద్ద పళ్ళు వస్తే ఏడాది నుంచి ఏడాదిన్నర.
నాలుగు పెద్ద పళ్ళు ఉంటే సుమారు రెండేళ్ళు.
ఎనిమిదీ పెద్ద పళ్ళయితే సుమారు నాలుగేళ్ళు.

మేతను బట్టి ఇది కొంచెం అటూ ఇటూ అవుతుంది. రెండు పెద్ద పళ్ళు బాగా పైకి వచ్చిన పొట్టేలును గానీ, నాలుగు పళ్ళ పొట్టేలును గానీ ఎంచుకోండి.

ఒళ్ళంతా తడిమి చూడండి

పొట్టేలును నిలబెట్టి చూడాలి, నడిపించి చూడాలి. కాళ్ళు నిటారుగా ఉండాలి. కుంటే పొట్టేలు గొర్రెను దాటలేదు. కళ్ళు తేటగా ఉండాలి. నోరు మూసినప్పుడు కింది పళ్ళు పై చిగురుకు సరిగ్గా ఆనాలి. ముందుకో వెనక్కో పోతే అది సరిగా మేయలేదు. ఈ వంకర పిల్లలకూ రావచ్చు.

ఇక విత్తుల సంగతి. ఈ మాట అడగటానికి నేను సిగ్గుపడ్డాను. పెద్దమ్మే నవ్వి, "ఏందమ్మా, గొర్రెలు కాసేవాళ్ళకు సిగ్గేమిటి?" అన్నది. నిజమే. విత్తులు రెండూ కిందికి దిగి ఉండాలి. ఒకే సైజులో ఉండాలి. పట్టుకుంటే గట్టిగా, నున్నగా ఉండాలి. గడ్డలు, వాపు, పుండ్లు ఉండకూడదు. మెత్తగా జావలాగా ఉంటే పనికి రాదు. ఒక విత్తు మాత్రమే దిగిన పొట్టేలు ఎంత అందంగా ఉన్నా వద్దు. ఆ లోపం దాని కొడుకులకూ రావచ్చు.

దాని తల్లి గురించి కూడా అడగండి. పాలు బాగా ఇచ్చిందా? ఏటా ఈనిందా? పిల్లలను బతికించుకుందా? మంచి తల్లి కొడుకునే ఎంచుకోవాలి. పుట్టిన పొట్టేలు పిల్లలన్నీ విత్తనానికి పనికి రావు. మిగతావాటిని 3, 4 నెలల వయసులోనే మంద నుంచి వేరు చేయండి. లేదా పశువుల ఆసుపత్రిలో విత్తులు నొక్కించండి. లేకపోతే అవి తల్లినీ, చెల్లెళ్ళనూ దాటుతాయి.

రెండు నెలల ముందు నుంచే తయారీ

పొట్టేలు ఒంట్లో వీర్యం తయారై బయటికి రావటానికి సుమారు రెండు నెలలు పడుతుంది. అంటే ఇవాళ పెట్టిన మేత ఫలితం రెండు నెలల తర్వాత కనబడుతుంది. ఇవాళ వచ్చిన జ్వరం చెరుపు కూడా అట్టాగే తర్వాత కనబడుతుంది. గట్టి జ్వరం వచ్చి తగ్గిన పొట్టేలు చూడటానికి బాగానే ఉంటుంది. కానీ దానితో కలిసిన గొర్రెలు చూడి కట్టకపోవచ్చు. అట్టాంటి పొట్టేలుకు రెండు నెలలు విశ్రాంతి ఇవ్వాలి. ఎండాకాలంలో నీడ, చల్లని నీళ్ళు తప్పనిసరి. ఎండ వేడికి కూడా వీర్యం చెడిపోతుంది.

కలపటానికి రెండు నెలల ముందు నుంచి పచ్చిమేతతో పాటు రోజూ పావు కిలో దాణా పెట్టండి. తవుడు, నలగ్గొట్టిన జొన్నలు, వేరుశనగ చెక్క కలిపితే చాలు. మరీ కొవ్వు పట్టనివ్వకండి. కొవ్విన పొట్టేలు బద్ధకిస్తుంది. నట్టల మందు తాగించండి, టీకాలు వేయించండి. కొత్తగా కొన్న పొట్టేలును మూడు వారాలు విడిగా కట్టేయండి. జబ్బు ఏదైనా ఉంటే ఈలోగా బయటపడుతుంది.

ఎన్ని గొర్రెలకు ఒకటి?

ఈడొచ్చిన పొట్టేలు ఒకటి 25 నుంచి 30 గొర్రెలకు సరిపోతుంది. మొదటి ఏడు పనికి వచ్చే కుర్ర పొట్టేలుకు 15 గొర్రెలు చాలు. పెద్దమ్మ 9 నెలల పిల్లగాడికి 28 గొర్రెలను అప్పజెప్పింది. తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

ఎర్రమన్ను పరీక్ష

పొట్టేలు పని చేస్తున్నదో లేదో ఈత దాకా ఆగకుండానే తెలుసుకోవచ్చు. ఎర్రమన్నులో నూనె కలపండి. దాన్ని పొట్టేలు రొమ్ముకు దట్టంగా పూయండి. రెండు మూడు రోజులకు ఒకసారి మళ్ళీ పూయండి. అది దాటిన గొర్రె నడుము మీద ఎర్ర మచ్చ పడుతుంది.

చూడి కట్టని గొర్రె సుమారు 17 రోజులకు మళ్ళీ ఎదకు వస్తుంది. అందుకని 16 రోజులు గడిచాక రంగు మార్చండి. నూనెలో బొగ్గుపొడి కలిపి పూయండి. ఎర్ర మచ్చ ఉన్న గొర్రెల్లో ఒకటో రెండో నల్ల మచ్చతో కనబడితే లోపం ఆ గొర్రెల్లో ఉండవచ్చు. చాలా గొర్రెలకు నల్ల మచ్చ పడితే లోపం పొట్టేలుదే అనుకోవాలి. వెంటనే డాక్టరుకు చూపించండి, పొట్టేలును మార్చండి. అప్పటికి పోయింది మూడు వారాలే, ఏడాది కాదు.

రెండేళ్ళకు ఒకసారి మార్చండి

ఒక పొట్టేలు రెండేళ్ళకు మించి ఒకే మందలో ఉండకూడదు. అప్పటికి దాని కూతుళ్ళు ఎదకు వస్తాయి. తండ్రే కూతురిని దాటితే పుట్టే పిల్లలు బక్కచిక్కి పుడతాయి, ఎక్కువ చచ్చిపోతాయి. మంచి పొట్టేలైతే పక్క ఊరి వాళ్ళ పొట్టేలుతో మార్చుకోండి. సొంత మందలో పుట్టిన పొట్టేలును ఆ మందకే వాడకండి.

రాసి పెట్టుకోండి

మనం చదువు నేర్చుకున్నది ఇందుకే. పొట్టేలును ఏ రోజు మందలో వదిలారో పుస్తకంలో రాయండి. గొర్రె కడుపు మోసేది సుమారు 150 రోజులు. జూన్ 20న కట్టిన గొర్రె నవంబరు 17 ప్రాంతంలో ఈనుతుంది. ఏ గొర్రె ఈనింది, ఎన్ని పిల్లలు, ఎన్ని బతికాయి, అన్నీ రాయండి. పొట్టేలు మంచిదో కాదో ఆ లెక్కే చెబుతుంది.

పొట్టేలు బేరం మగవాళ్ళ పని అని ఊరుకోకండి. మేపేది మీరు, అప్పు కట్టేది మీరు. సంతకు మీరూ వెళ్ళండి. పెదవి దించి పళ్ళు మీరే చూడండి.

పెద్దమ్మ ఈసారి నాలుగు పళ్ళ పొట్టేలును తెచ్చింది. పాత పిల్లగాడిని అమ్మలేదు. విడిగా కట్టి మేపుతున్నది. "దాని తప్పేముంది? వయసు రానీ, అప్పుడు చూద్దాం" అంటున్నది. కలిపిన తేదీ గోడ మీద బొగ్గుతో రాసింది. అక్షరాలు కొంచెం వంకర. లెక్క మాత్రం సరిగ్గా ఉంది.

ఆలోచించండి, రాయండి

1. మీ మందలో తల్లి గొర్రెలు ఎన్ని? పొట్టేళ్ళు ఎన్ని? సరిపోతాయా?
2. మీ పొట్టేలుకు పెద్ద పళ్ళు ఎన్ని? దాని వయసు ఎంత?
3. అది మీ మందలోకి వచ్చి ఎన్నేళ్ళయింది?
4. 60 గొర్రెలకు ఈడొచ్చిన పొట్టేళ్ళు ఎన్ని కావాలి?