ఉప్పుగాలిలో సౌండ్ కార్డు

మైపాడు, కోడూరు, కృష్ణపట్నం వైపు ఊళ్లలో రొయ్యల గుంటల లెక్కలు రాసుకునే కంప్యూటరే పొద్దుగూకేసరికి కుర్రాళ్ల ఆటల కంప్యూటరవుతుంది. అదే ఇంట్లో పాడే ఆడపిల్లో, కీబోర్డు వాయించే తమ్ముడో ఉంటే ఒక ఆలోచన పుడుతుంది: మంచి సౌండ్ కార్డు ఒకటి కొంటే ఆటకూ పాటకూ రెండింటికీ పనికొస్తుంది కదా! "ఏది కొనాలన్నా?" అని అడిగితే దుకాణంలో డబ్బా మీద అంకెలు చదివి వినిపిస్తారు. 32 బిట్లు, 384 కిలోహెర్ట్జ్, 122 డెసిబెల్స్. ఆ అంకెల్లో అబద్ధమేమీ లేదు. అయితే సముద్రం దగ్గర, కిటికీలు తెరిచి, ఫ్యాను వేసుకుని పాడే గదిలో వాటిలో ఏది అక్కరకొస్తుందో, ఏది డబ్బా మీదే ఉండిపోతుందో తెలుసుకుని కొనడం మంచిది.

ముందు ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. ఆటలో శబ్దం కంప్యూటరు నుంచి చెవికి వస్తుంది. పాటలో అది గొంతు నుంచి కంప్యూటరులోకి పోతుంది. రెండు దారులూ ఒకే పెట్టెలో ఉన్నా, ఒకదాన్ని బాగా కట్టిన కంపెనీ రెండోదాన్ని అంతే శ్రద్ధగా కట్టి ఉండాలని ఏమీ లేదు. కొనేవాళ్లు నష్టపోయేది చాలావరకు ఇక్కడే.

మన నెల్లూరు జిల్లాకు పాటతో ఉన్న చుట్టరికం చిన్నది కాదు. నెల్లూరు హరికథకులు సాంబమూర్తి గారి కుమారుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' కోసం తొలి సినిమా పాట పాడింది మద్రాసులో, ఎస్.పి. కోదండపాణి సంగీత దర్శకత్వంలో. గాయకులూ వాద్యబృందమూ కలిసి ఒకే టేకులో పాడి వాయించి తీరాల్సిన రోజులవి. తరువాతి కాలంలో బాలు తన రికార్డింగ్ థియేటరుకు ఆ గురువు పేరే పెట్టుకున్నారు. నెల్లూరులో గొంతున్నవాళ్లు గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట దాటి రైల్లో మద్రాసు వెళ్తేగాని అందని పరికరం, ఇవాళ రెండు అరచేతుల్లో పట్టేంత పెట్టెలో ఇంటికే వచ్చేసింది. అందుకే దాన్ని సరిగా ఎంచుకోవడం నా దృష్టిలో చిన్న విషయం కాదు.

సౌండ్ కార్డు ఆటల చేతుల మీదుగా పెరిగిన వస్తువు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కీచుమనడం తప్ప ఇంకేమీ ఎరగదు. 1987లో కెనడా కంపెనీ ఆడ్‌లిబ్, యమహా చిప్పుతో ఆటల్లోకి సంగీతం తెచ్చింది. 1989లో సింగపూరుకు చెందిన సిమ్ వాంగ్ హూ కంపెనీ క్రియేటివ్, సౌండ్ బ్లాస్టర్‌ను విడుదల చేసింది. అదే యమహా చిప్పు, దానికి తోడు 8 బిట్లలో గొంతును పలికించే ఏర్పాటు, జాయ్‌స్టిక్ తగిలించే చోటు కూడా కలిపి ఇవ్వడంతో బజారంతా దానిదైంది. చాలా ఏళ్ల పాటు ఆటల శబ్దాన్ని లెక్కగట్టే పనిలో చాలా భాగం కార్డే చేసేది. 2007లో విండోస్ విస్టా వచ్చి ఆటలకూ కార్డుకూ మధ్యనున్న ఆ నేరు దారిని మూసేసింది. అప్పటి నుంచి అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తోందన్న లెక్క కంప్యూటరు ప్రాసెసరే చూసుకుంటోంది. మదర్‌బోర్డు మీద వచ్చే చిన్న ఆడియో చిప్పుకు దాన్ని చెవికి చేర్చే పని మాత్రమే మిగిలింది.

ఆ పనికి ఎంత సూక్ష్మత కావాలి? కుడివైపు నుంచి వచ్చే చప్పుడు ఎడమ చెవికి ఆలస్యంగా చేరుతుంది. ఎంత పక్క నుంచి వచ్చినా ఆ ఆలస్యం సుమారు 0.65 మిల్లీసెకన్లు దాటదు. తల అడ్డం రావడం వల్ల తగ్గే బిగ్గరతనం, చెవి డొప్ప మడతలు మార్చే స్వరం కూడా కలిపి మెదడు దిక్కు పోల్చుకుంటుంది. ఇదంతా లెక్కించి రెండు చెవులకు రెండు శబ్దాలు పంపే పద్ధతిని హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు. కౌంటర్-స్ట్రైక్‌లో అది ఆటలోనే ఉంది. కాబట్టి మామూలు స్టీరియో హెడ్‌ఫోన్స్ చాలు. 7.1 అని రాసి ఉన్న హెడ్‌సెట్టు పైన మరో లెక్క కలిపితే దిక్కు ఇంకా తికమకవుతుంది. బ్లూటూత్ మాత్రం వద్దు. చాలా బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో శబ్దం వంద మిల్లీసెకన్ల పైనే వెనకబడుతుంది. ఆటలో అది ప్రాణం తీస్తుంది, పాటలో తాళం తప్పిస్తుంది.

ఇక పాట సంగతి. గొంతు గాలిలో లేపే అలను సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా రాసుకోవడమే రికార్డింగు. పులికాట్ అవతల శ్రీహరికోటలో రాకెట్టు ఒంటి మీది కంపనాలను సెన్సర్లు కొలిచి నేలకు పంపేది కూడా మూలంలో ఈ పద్ధతిలోనే. మనిషి చెవి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. దాన్ని పూర్తిగా పట్టాలంటే అంతకు రెట్టింపును కాస్త మించిన వేగంతో కొలిస్తే చాలునని గణితం నిరూపించింది. సీడీ 44,100 సార్లు కొలుస్తుంది. ఆటలూ వీడియోలూ 48,000 సార్లు. 192 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తే చెవికి కొత్తగా వినిపించేదేమీ ఉండదు. డిస్కు మాత్రం నాలుగు రెట్లు నిండుతుంది: 48లో నిమిషం 24 బిట్ల స్టీరియోకు 17 మెగాబైట్లు పడితే 192లో 69.

బిట్ల మాట వేరు. కొలిచిన ప్రతిసారీ ఎంత సన్నగా విభజించి రాసుకుంటామన్నది బిట్లు చెబుతాయి. 16 బిట్లలో 65,536 మెట్లు, 24 బిట్లలో 1,67,77,216. ఒక్కో బిట్టుకు సుమారు 6 డెసిబెల్స్ చొప్పున 16 బిట్లకు 96, 24 బిట్లకు 144. ఇళ్లలో వాడే పెట్టెలేవీ నిజంగా 144 ఇవ్వలేవు. మేలైనవి 120 దరిదాపుల్లో ఆగిపోతాయి. అయినా రికార్డింగుకు 24 బిట్లే పెట్టుకోమంటాను. పాడే మనిషి పైస్థాయిలో ఎప్పుడు గొంతెత్తుతారో ముందే చెప్పలేం. 24 బిట్లుంటే స్థాయిని పన్నెండు డెసిబెల్స్ కిందే ఉంచి పాడించుకోవచ్చు, ఏ సంగతీ పగలదు, తరువాత పెంచుకున్నా హిస్సు రాదు.

మరి డబ్బా మీది 122? ఇళ్లలో మంచి నిశ్శబ్ద గది కూడా రాత్రి పూట సాధారణంగా 30 డెసిబెల్స్‌కు తగ్గదు. ఫ్యాను తిరిగే గది 40 దాటుతుంది. మైకుకు దగ్గరగా పాడే గొంతు 80, 90 ఉంటుందనుకుందాం. పాటకూ గదికీ మధ్య తేడా యాభై. పెట్టె లోపలి చప్పుడు ఆ గది చప్పుడు కింద ఎక్కడో అణిగి ఉంటుంది. 110 పెట్టెకు బదులు 122 పెట్టె కొన్నా ఫ్యాను మాత్రం అంతే వినిపిస్తుంది. ఆ డబ్బుతో ఒక పరుపును గోడకు నిలబెట్టి, రెండు దుప్పట్లు వేలాడదీస్తే వచ్చే మేలు వెంటనే తెలుస్తుంది.

మనం అడగాల్సిన అంకె వేరే ఉంది. అది మైక్ ప్రీయాంప్ గెయిను. డైనమిక్ మైకు నుంచి వచ్చే వోల్టేజి చాలా చిన్నది. వేదికల మీద అందరికీ తెలిసిన షూర్ ఎస్ఎం58, 94 డెసిబెల్స్ శబ్దానికి ఇచ్చేది 1.85 మిల్లీవోల్టులే. దాన్ని హిస్సు లేకుండా వందల రెట్లు పెంచే ప్రీయాంప్ కావాలి. 55 డెసిబెల్స్‌కు తగ్గకుండా గెయిను ఉందా అని చూడండి. ఆటల కోసం చేసిన కార్డుల్లో ఈ పని చేసేది సాధారణంగా ఉండదు. 2017లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ఎక్స్ ఏఈ-5 పైన చెప్పిన 122 డెసిబెల్స్ కార్డే. వినడానికి నిజంగా బాగుంటుంది, ఎక్కువ శక్తి అడిగే హెడ్‌ఫోన్స్‌ను సైతం నడుపుతుంది. మైకుకు ఇచ్చింది మాత్రం హెడ్‌సెట్లకు వాడే సన్నటి పిన్ను తూటే. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ లేదు, కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్టులూ లేవు.

పాడేవాళ్లను ఏడిపించేది ఇంకొకటుంది, ఆలస్యం. కంప్యూటరు శబ్దాన్ని కొలత కొలతగా కాకుండా కొన్ని కొలతలు పోగయ్యాక ఒకేసారి తీసుకుపోతుంది. కుళాయి కింద బిందె పెట్టినట్టే. పెద్ద బిందె పెడితే తాపీగా మార్చుకోవచ్చు, కానీ నిండేదాకా ఆగాలి. చిన్న చెంబు పెడితే ఆగక్కర్లేదు, కానీ మార్చడం ఒక్క క్షణం ఆలస్యమైనా నీళ్లు నేలపాలు. ఆ నేలపాలైన నీళ్లే పాటలో చిటుక్కుమనే చప్పుళ్లు. 48 కిలోహెర్ట్జ్‌లో 1024 కొలతల బఫరుకు 21 మిల్లీసెకన్లు, 256కు 5, 64కు ఒకటికి కాస్త ఎక్కువ. లోపలికీ బయటికీ రెండుసార్లు పడుతుంది కాబట్టి రెట్టింపు వేసుకోండి. మన వేడిగాలిలో శబ్దం సెకనుకు 350 మీటర్లు పోతుంది. అంటే పది మిల్లీసెకన్ల ఆలస్యం మూడున్నర మీటర్ల దూరం నుంచి విన్నట్టు. కచేరీలో పక్కవాద్యం అంత దూరంలో ఉంటే ఇబ్బంది లేదు. తన గొంతే అంత దూరం నుంచి వినిపిస్తే గాయని తడబడుతుంది. అందుకని కంప్యూటరు దాకా పోకుండా మైకు శబ్దాన్ని నేరుగా హెడ్‌ఫోన్స్‌కు పంపే డైరెక్ట్ మానిటర్ మీట ఉన్న పెట్టె తీసుకోవాలి. విండోస్‌లో ఈ ఆలస్యాన్ని తగ్గించే ఏఎస్‌ఐఓ డ్రైవరును సొంతంగా ఇచ్చే కంపెనీదై ఉండాలి. 1997లో జర్మనీ కంపెనీ స్టైన్‌బర్గ్ తెచ్చిన ఈ పద్ధతికి ఇప్పటికీ ఆదరణ తగ్గలేదు.

ఇదంతా ఏ ఊరికైనా వర్తించేదే. మన తీరానికి వచ్చేసరికి ఇద్దరు శత్రువులు అదనం: ఉప్పు, కరెంటు.

గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు పొడిగా ఉండలేదు, తేమను లాక్కుని తనంతట తానే కరిగి ద్రవమవుతుంది. సముద్రపు గాలి మోసుకొచ్చిన కంటికి కనిపించని ఉప్పురవ్వలు సర్క్యూటు మీద వాలి, తెల్లవారుజామున తేమ పెరగగానే కరిగి, కరెంటు పారే సన్నని పొరలవుతాయి. రాగి చిలుము పడుతుంది. పిన్ను కదిపితే గరగర. క్యాబినెట్ ఫ్యాన్లు పగలంతా ఆ గాలినే లోపలికి లాగి మదర్‌బోర్డు మీదికి విసురుతాయి. లోపల గుచ్చే కార్డు పోయిందంటే చాలాసార్లు దాని బంగారుపూత అంచుకు పట్టిన మురికే కారణమై ఉంటుంది. యూఎస్‌బీ తీగతో బయట ఉండే ఆడియో ఇంటర్‌ఫేసుకు ఆ బాధ తక్కువ. పని అయ్యాక తీసి మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టుకోవచ్చు. మైకు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కండెన్సర్ మైకు లోపలి పలచని పొర మీద విద్యుదావేశం నిలిచి ఉండాలి. తేమ చేరితే అది కారిపోయి మైకు చిటపటలాడుతుంది. తీరప్రాంతంలో మొదటి మైకు కొనేవాళ్లకు నేను డైనమిక్ మైకే చెబుతాను. నాదస్వరం, డప్పు వంటి గట్టి వాద్యాలకూ అదే నయం. ఫ్యాను చప్పుడును, పక్కింటి టీవీని కూడా అది తక్కువ పట్టుకుంటుంది. వీణకు అంటించే పికప్పుకైతే ఇన్‌స్ట్రుమెంట్ అని రాసి ఉన్న తూటు కావాలి, మామూలు లైన్ తూటులో గుచ్చితే నాదం పీలగా వస్తుంది.

రెండోది కరెంటు. రాత్రి రొయ్యల గుంటల మీద ఏరియేటర్ల మోటార్లు ఒక్కసారిగా అందుకుంటే వోల్టేజి ఊగుతుంది. కరెంటు పోతే అందుకునే చౌక ఇన్వర్టరు ఇచ్చే చదరపు అల, పాత తరహా ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటరు, ఇవి రెండూ మైకు తీగలో జిర్రుమనే చప్పుడు చేస్తాయి. అన్నిటికన్నా మొండిది 50 హెర్ట్జ్ హమ్. కంప్యూటరు ఒక ప్లగ్గులో, స్పీకర్లు మరో ప్లగ్గులో ఉండి రెండు ఎర్తులకూ తేడా ఉంటే ఆడియో తీగ గుండా కరెంటు పారి గుయ్‌మంటుంది. ల్యాప్‌టాప్ ఛార్జరు పీకి చూడండి. హమ్ ఆగిపోతే దోషం పెట్టెలో లేదు. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి. మైకుకు ఎక్స్‌ఎల్‌ఆర్ తీగ వాడండి. అందులో ఒకే సంకేతం రెండు తీగల్లో ఎదురెదురుగా నడుస్తుంది, దారిలో రెండింటికీ సమానంగా అంటిన చప్పుడు చివర్లో తీసివేతలో పోతుంది. హమ్ పోవడానికి ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టే అలవాటు కొందరికి ఉంది. దయచేసి ఆ పని చేయవద్దు. ఇనుప జాలీ మైకుకు పెదవి ఆనించి పాడే మనిషి ఒంట్లోంచి, ఎర్తులోకి పోవాల్సిన కరెంటు పోయే ప్రమాదం ఉంది. ఎర్తు గుంటను ఎలక్ట్రీషియన్‌తో ఏడాదికోసారి కొలిపించండి. ఉప్పునేల కరెంటును బాగానే మింగుతుంది కానీ అందులో పాతిన ఇనుప పైపును తుప్పు త్వరగా తినేస్తుంది, పైపు పోయిన సంగతి పైకి తెలియదు.

ఇన్ని చెప్పాక నా సలహా ఇది. ఆటే ముఖ్యమైతే విడి కార్డు కొనక్కర్లేదు, మదర్‌బోర్డు చిప్పు చాలు. మౌసు కదిలినప్పుడల్లా హెడ్‌ఫోన్స్‌లో కిర్రుమంటుంటే మాత్రం అంకెలను శబ్దంగా మార్చే చిన్న యూఎస్‌బీ డాక్ (డీఏసీ) తీసుకోండి, డబ్బు హెడ్‌ఫోన్స్ మీద పెట్టండి. పాట కూడా కావాలంటే లోపలి కార్డుల జోలికి పోకుండా రెండు మైకు తూట్లున్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేసు కొనండి, ఆటకూ అదే పనికొస్తుంది. 2023లో వచ్చిన నాలుగో తరం ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 ఆ తరహాకు మంచి ఉదాహరణ: 69 డెసిబెల్స్ గెయిను, 48 వోల్టులు, ఆట శబ్దాన్నీ గొంతునూ కలిపి రికార్డు చేసే లూప్‌బ్యాక్ ఉన్నాయి. ఇతర కంపెనీలవీ ఉన్నాయి, చూడాల్సిన గుణాలు ఇవే. పాత సరుకు కొనేటట్టయితే మైకు తగిలించకుండా గెయిను పూర్తిగా పెంచి, హెడ్‌ఫోన్స్‌లో ఓపిగ్గా వినండి. సన్నని హిస్సు ఒకే తీరుగా వస్తే సర్క్యూటు ఆరోగ్యంగా ఉన్నట్టు. గుండీ తిప్పినప్పుడు గరగరలాడితే, తూటులో పిన్ను ఊపినప్పుడు శబ్దం తెగితే లోపలికి ఉప్పు చేరిందని అర్థం, ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.