పెద్ద తెర, చిన్న అక్షరము

ఉదయగిరి కొండను దూరమునుండి చూచువారికి దుర్గమంతయు కనబడును. కొండ మొదట నిలిచినవారికి ఎదుటి రాళ్లు మాత్రమే కనబడును. పెద్ద తెరపైనగాని, పెద్ద గోడపైనగాని సమాచారమును అమర్చుటలోని కీలకము ఇదియే.

2017లో వెలగపూడి సచివాలయమున రియల్ టైమ్ గవర్నెన్స్ కేంద్రమును నెలకొల్పినప్పుడు, అనేక తెరలను చేర్చి గోడవలె అమర్చిరి. ఒకే గదిలోని పలువురు ఒక్కమారుగా చూచి నిర్ణయములు చేయుటకై అది ఏర్పడినది.

చేతిలోని ఫోను తెరను పెంచినంతమాత్రమున అది గోడతెర కానేరదు. ఫోనును ఒక్కరు దగ్గరనుండి చూతురు. గోడను పదిమంది వేర్వేరు దూరములనుండి చూతురు. తల త్రిప్పినగాని మూలలనున్న మాట కంటబడదు. వ్రేలితో తాకు తెరయైనచో, పైయంచున ఉన్న మీట పొట్టివారికిని, చక్రముల కుర్చీలో వచ్చువారికిని అందదు.

ఈ విషయము పంచాయతీలకును వర్తించును. కార్యాలయములు తమంతతాము ప్రజలకు సమాచారము తెలుపవలెనని 2005 నాటి సమాచార హక్కు చట్టము 4వ సెక్షను చెప్పుచున్నది. అందుకు సాధనములలో నోటీసు బోర్డును చట్టమే పేర్కొన్నది.

ఆత్మకూరు చెంతనున్న ఒక పల్లెలో వృద్ధురాలొకతె పింఛను జాబితాలో తన పేరు వెదకుకొన వచ్చినదనుకొందము. జాబితా ఎత్తున, సన్నని అక్షరములతో ఉన్నచో, పేరు లేని సంగతి ఆమెకు తెలియకయే అభ్యంతరముల గడువు దాటిపోవును. నష్టము ఆమెది, లోపము గోడది.

కావున సభ్యులకు మేము సూచించునది ఇది. వీధినుండియే తెలియునట్లు జాబితా దేనిదో, గడువు ఎన్నటివరకో, ఎవరినడుగవలెనో పైన పెద్దగా వ్రాయింపుడు. పేర్లను కంటి ఎత్తున, వీధుల వారీగా ఉంచుడు. పది అడుగుల దూరమునకు అంగుళపు అక్షరమని బోర్డులు వ్రాయువారి వాడుక. తెలుగున వత్తులు క్రిందికి దిగును గనుక, వరుసల నడుమ ఎడము హెచ్చుగా ఉండవలెను. తెల్లని నేలపై నల్లని వ్రాత మేలు. వెలుగుతెరను పెట్టినచో ఎండ తగులనిచోట నిలుపుడు. వ్రాత పరుగెత్తరాదు, చదువు నెమ్మదిగలవారికిని ముగియువరకు నిలువవలెను.

తుదకు ఒక పరీక్ష. కంటిచూపు తగ్గిన పెద్దవారి నొకరిని పిలిచి, తమ పేరు చూపుమని అడుగుడు. చూపలేకపోయినచో వ్రాతను మార్పింపుడు. చదువురానివారికై గ్రామసభలో జాబితాను బిగ్గరగా చదివింపుడు. అందరికిని అందిననాడే అది ప్రకటనయగును.