ఒళ్లు పెరిగితే చర్మానికీ చేటే

మోచేతుల మీద ఎర్రటి మచ్చలు, రాలే తెల్లటి పొట్టు. సోరియాసిస్ అనగానే రోగులు వెతికేది పూతమందునే. బరువు సంగతి చాలామందికి తట్టదు. అమెరికాలో 78,626 మంది మహిళా నర్సులను 14 ఏళ్లపాటు గమనించిన అధ్యయనం 2007లో వెలువడింది. సాధారణ బరువున్నవారికంటే బాగా స్థూలకాయులైనవారికి ఈ జబ్బు ముప్పు రెండున్నర రెట్లకు పైనే అని అందులో తేలింది.

కొవ్వు ఊరికే పేరుకుని ఉండదు మరి. చర్మంలో వాపును ఎగదోసే టీఎన్ఎఫ్-ఆల్ఫా వంటి రసాయనాలను వదులుతుంది. జబ్బు వల్లే కదలిక తగ్గి ఒళ్లు వస్తుందేమోనన్న అనుమానమూ ఉండేది. బ్రిటన్, నార్వే ప్రజల జన్యు సమాచారాన్ని పరిశీలించిన 2019 అధ్యయనం మాత్రం బరువువైపే వేలు చూపింది.

మందు మోతాదూ బరువును బట్టే. ఉస్టెకినుమాబ్ ఇంజెక్షన్ పెద్దలకు 45 మిల్లీగ్రాములైతే, 100 కిలోలు దాటినవారికి 90. డెన్మార్క్‌లో 16 వారాలు తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గినవారికి రోజువారీ బాధలు తగ్గాయని 2013లో తేలింది. మచ్చల్లో తగ్గుదల మాత్రం అంతంతమాత్రమే. పైగా సన్నగా ఉన్నవారికీ సోరియాసిస్ వస్తుంది.