గంగచెంబులో గరళమా, అమృతమా?

కాశీయాత్ర ముగించుకొని వచ్చిన గృహస్థులు గంగచెంబును పూజామందిరంలో నిలిపి, బంధుమిత్రులకు సమారాధన చేయడం మన ప్రాంతపు సంప్రదాయం. తెనాలిలో అర్చకత్వం చేసే నాకు అటువంటి సందర్భాలలో ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. "పంతులుగారూ! గంగ ఎన్నేళ్లయినా చెడదట. అందులోని వైరస్‌లు రోగక్రిములను తినేస్తాయని సైన్సు కూడా ఒప్పుకున్నదట. మరి బిడ్డకు విరేచనాలైతే ఈ నీరే పట్టవచ్చునా?" మొన్న ఒక ఇల్లాలు చంకలో పసివాడితో ఈ మాటే అడిగింది. "వద్దమ్మా, ముందు డాక్టరుకు చూపించు" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. గర్భగుడి ముందు నిలబడి వివరించలేకపోయిన విషయాన్ని నేడు మీ ముందుంచుతున్నాను.

ఆగ్రాలో తొలి పరిశీలన

1896లో ఆగ్రాలో పనిచేస్తున్న ఎర్నెస్ట్ హాంకిన్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త, గంగా యమునా జలాలలో కలరా క్రిములు నశిస్తున్నాయని ఒక ఫ్రెంచి వైజ్ఞానిక పత్రికలో ప్రకటించాడు. కారణమేమిటో నాడు తేలలేదు. తరువాత 1915లో ఇంగ్లండులో ట్వార్ట్, 1917లో పారిస్‌లో డెరెల్, బాక్టీరియాను నశింపజేసే అతిసూక్ష్మ వైరస్‌లను గుర్తించారు. డెరెల్ వాటికి 'బాక్టీరియోఫేజ్' అని పేరు పెట్టాడు. బాక్టీరియాను భక్షించేది అని దాని భావం. క్లుప్తంగా ఫేజ్ అంటారు. హాంకిన్ చూసినది ఫేజ్‌ల ప్రభావమేనని చాలామంది భావించారు. కాదేమోనని సందేహించిన పండితులూ ఉన్నారు.

గంగలో ఫేజ్‌లున్న మాట నిజమే. అయితే బాక్టీరియా ఉన్న ప్రతిచోటా అవి ఉంటాయి. తెనాలి నడుమ పారే కాలువలలో, రేపల్లె చేరువన పెనుమూడి రేవులో, బాపట్ల సూర్యలంక సముద్రతీరంలో కూడా ఉంటాయి. ఒక్కొక్క ఫేజ్ తనకు తగిన కొన్ని బాక్టీరియాలనే పట్టుకుంటుంది. తక్కినవాటి జోలికి పోదు. కనుక ఒక చెంబెడు నీరు సకల రోగాలకూ ఔషధం కాజాలదు.

శ్లేష వంటి లిపి

ప్రతి ఫేజ్‌లోనూ దాని స్వభావాన్ని నిర్ణయించే ఒక గ్రంథం ఉంటుంది. దానినే జీనోమ్ అంటారు. ఆ గ్రంథానికి నాలుగే అక్షరాలు. 1977లో కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ శాంగర్ బృందం ఒక ఫేజ్ డీఎన్‌ఏను ఆద్యంతం చదివింది. ఒక జీవపదార్థపు డీఎన్‌ఏను పూర్తిగా చదవడం లోకంలో అదే ప్రథమం. మనిషి గ్రంథంలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటే, ఆ ఫేజ్‌లో ఉన్నవి 5,386 మాత్రమే. అందులో ఒక విచిత్రం కనిపించింది. ఒకే అక్షరాల వరుస, మొదలుపెట్టే చోటు మారితే, రెండు వేర్వేరు జన్యువులుగా పలుకుతున్నది! 'మావిడిది' అన్న మాటను 'మా విడిది' అని విడదీస్తే బస. 'మావిడి'ది అంటే మామిడికి చెందినది. సభంగ శ్లేష తెలిసిన తెలుగువారికి ఇది వింత కాదు.

పొడవైన జీనోమ్‌లను ముక్కలుగా చదివి, ఒక ముక్క తుది మరొక ముక్క మొదలుతో కలిసే చోటు చూసి వరుస కూరుస్తారు. వేదాధ్యయనంలో క్రమపాఠం ఇటువంటిదే. ఒకటవ పదాన్ని రెండవదానితో, రెండవదాన్ని మూడవదానితో జతచేసి వల్లిస్తాము. వేదంలో జన్యుశాస్త్రం ఉన్నదని నేను అనడం లేదు. ఒక్క అక్షరమూ తప్పకుండా చదవాలన్న నిష్ఠ రెంటికీ సమానమని మాత్రమే నా మనవి.

ఒకే కడలిలో రెండూ

ఆ నిష్ఠ ఎందుకు అవసరమో 1996లో తెలిసింది. హాంకిన్ వ్రాసిన సరిగ్గా నూరేళ్లకు, అమెరికాలో వాల్డార్, మెకలానోస్ అనే శాస్త్రవేత్తలు కలరా రహస్యాన్ని బయటపెట్టారు. మనిషి దేహంలోని నీటినంతా తోడివేసే ఆ విషాన్ని తయారుచేసే జన్యువులు కలరా క్రిమికి సహజమైనవి కావు. సుమారు ఏడువేల అక్షరాల ఒక ఫేజ్ వాటిని మోసుకువచ్చి దానిలో చేర్చింది! అంటే కలరా క్రిమిని చంపే ఫేజ్ ఒకటి ఉంటే, ఆ క్రిమికి విషకోరలు తొడిగే ఫేజ్ మరొకటి ఉన్నది. పాలకడలి నుండి హాలాహలమూ అమృతమూ రెండూ పుట్టలేదా? పైకి చూస్తే రెండూ ఫేజ్‌లే. జీనోమ్ చదివితేనే ఏది ఏదో తెలుస్తుంది. అందుకే యాంటీబయాటిక్‌లకు లొంగని వ్యాధులకు నేడు ఫేజ్ చికిత్స చేయబూనిన వైద్యులు, ముందుగా దాని జీనోమ్‌లో విషజన్యువులు లేవని పరీక్షిస్తారు. మన పూజగదిలోని చెంబుకు ఆ పరీక్ష ఎవరు చేశారు?

గురువాజ్ఞ

శాంగర్ ఫలితం వెలువడిన 1977లోనే, నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన రేపల్లె, బాపట్ల ప్రాంతాలనూ అతలాకుతలం చేసింది. అప్పటికి నేను వేదవిద్యార్థిని. కలరా భయం ఊరూరా అలముకున్నది. మా గురువుగారు నిత్యం గంగను స్మరించి స్నానం చేసే నిష్ఠాపరులు. అయినా కాచిన నీరు తప్ప మరొకటి త్రాగరాదని మమ్ములను శాసించారు. ఆయన భక్తికి అది లోపమని ఎవరికీ తోచలేదు.

కనుక పాఠక మహాశయులారా! గంగను తల్లిగా పూజించండి, శిరస్సున చల్లుకోండి. బిడ్డకు విరేచనాలైనప్పుడు మాత్రం కాచి చల్లార్చిన నీటిలో ఓఆర్‌ఎస్ కలిపి పట్టి, వైద్యుని ఆశ్రయించండి. నీరు తనను తానే శుద్ధి చేసుకుంటుందన్న ధీమాతో కాలువలలో చెత్త వేయకండి. 2028లో కృష్ణా పుష్కరాలు రానున్నాయి. నాటికి మన కాలువలు నిర్మలంగా ఉంటే అదే కృష్ణమ్మకు మనం చేసే తొలి అర్చన. స్వస్తి.