బిడ్డ ఆకలికి వేళాపాళా ఉండదు... మారవలసింది చూసేవారి చూపే
(ఆగస్టు 1 నుంచి 7 వరకు జరిగే ప్రపంచ తల్లిపాల వారోత్సవాల సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

శిశువుకు ప్రకృతి సిద్ధం చేసి ఉంచిన తొలి ఆహారం తల్లిపాలు. బిడ్డ పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టించాలని, ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు తప్ప మంచినీరు సైతం ఇవ్వరాదని, ఆ తరువాత అనుబంధ ఆహారంతో పాటు రెండేళ్ల వరకు, ఆపైన కూడా తల్లిపాలు కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సిఫార్సు చేస్తున్నాయి. ఈ సందేశం నేడు అంగన్‌వాడీ కేంద్రం మొదలుకొని జిల్లా ఆసుపత్రి వరకు గోడల మీద కనిపిస్తూనే ఉంది. అయితే ఈ కాలమంతా తల్లీబిడ్డలు ఇంటిపట్టునే ఉండడం సాధ్యం కాదు. టీకాలకు వెళ్లాలి. పుట్టింటి నుంచి అత్తవారింటికి ప్రయాణం కట్టాలి. పెళ్లికి, పేరంటానికి, దైవదర్శనానికి, సంతకు, కూలికి వెళ్లాలి. ఆ దారిలో బిడ్డకు ఆకలి వేస్తే తల్లి ఎక్కడ కూర్చొని పాలివ్వాలన్న ప్రశ్నకు మాత్రం సమాజం నేటికీ సూటిగా సమాధానం చెప్పలేకపోతోంది.

ఏడుపు కన్నా ముందే ఆకలి

నవజాత శిశువుకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పట్టవలసి ఉంటుంది. అనగా సుమారు రెండు మూడు గంటలకు ఒకసారి. పక్క ఊరికి బస్సు ప్రయాణమైనా, ఆసుపత్రిలో చీటీ రాయించుకొని వరుసలో వేచి ఉండడమైనా ఈ వ్యవధి ఇట్టే గడిచిపోతుంది. కనుక ఇంటి వద్ద పాలిచ్చి బయలుదేరితే సరిపోతుందన్న సలహా ఆచరణలో నిలిచేది కాదు.

అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత. పసిబిడ్డ అడిగే తీరు వేరు. పెదవులు చప్పరించడం, పిడికిలి నోట్లో పెట్టుకోవడం, తలను అటూ ఇటూ తిప్పి రొమ్ము కోసం వెదకడం ఆకలికి తొలి సూచనలు. ఏడుపు చివరి సూచన. ఏడ్చి ఏడ్చి అలసిన బిడ్డకు రొమ్మును సరిగా పట్టుకోవడమే కష్టమవుతుంది. చుట్టూ ఉన్నవారి చూపులకు జంకి తల్లి కాసేపు ఆగితే, అప్పటికే బిడ్డ సహనం నశిస్తుంది. అప్పుడు ఆ ఏడుపును చూసి అదే జనం తల్లిని తప్పుపట్టడం తరచుగా జరిగేదే.

తల్లి మనఃస్థితికి, పాలు రావడానికి దగ్గరి సంబంధం ఉంది. పాలు తయారు కావడానికి ప్రొలాక్టిన్ అనే హార్మోను, తయారైన పాలు వెలుపలికి రావడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోను తోడ్పడతాయి. భయం, ఆందోళన, సిగ్గు వంటివి ఆక్సిటోసిన్ పనికి తాత్కాలికంగా అడ్డు తగులుతాయి. గంటల తరబడి పాలివ్వకుండా ఉంటే రొమ్ములు గట్టిపడి నొప్పి పుడుతుంది. వాపు, జ్వరం వచ్చే ప్రమాదమూ ఉంది. బిడ్డ తాగే కొద్దీ పాలు ఊరుతాయి. తాగడం తగ్గితే పాల ఉత్పత్తి కూడా తగ్గుతుంది. బయటకు వెళ్లేటప్పుడు మాత్రమేనని మొదలుపెట్టిన పాలసీసా క్రమంగా ఇంట్లోనూ స్థిరపడడానికి కారణం ఇదే. ప్రయాణంలో సీసాను శుభ్రపరచడం, మరిగించిన నీటితో డబ్బాపాలు కలపడం అంత తేలిక కాదు. అపరిశుభ్రమైన సీసా శిశువుకు విరేచనాలు తెచ్చిపెడుతుంది. ఈ విధంగా చూసేవారి చూపు చివరకు బిడ్డ ఆరోగ్యం మీద ప్రభావం చూపుతోంది.

గణాంకాలు చెప్పే పాఠం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల లోపు శిశువులలో కేవలం తల్లిపాలే తాగుతున్నవారు 2015-16లో 54.9 శాతం కాగా, 2019-21 నాటికి 63.7 శాతానికి పెరిగారు. ఇది హర్షించదగిన పరిణామమే. అయినా ప్రతి ముగ్గురిలో ఒకరికి మించి శిశువులకు ఆ అవకాశం దక్కలేదన్నది కూడా ఇందులో దాగి ఉన్న సత్యం. అదే సర్వేలో ఆసుపత్రి కాన్పులు 88.6 శాతానికి చేరగా, పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన శిశువులు 41.8 శాతం మాత్రమే. కాన్పు విధానం, కుటుంబ ఆచారాలు, తల్లి ఆరోగ్యం, ఉపాధి వంటి అనేక కారణాలు దీని వెనుక ఉన్నాయి. వీటికి తోడు ఇల్లు దాటిన తరువాత ఎదురయ్యే సంకోచం మరొక అవరోధం. తల్లిపాలు అందరికీ అందితే ప్రపంచవ్యాప్తంగా ఏటా 8 లక్షల 20 వేలకు పైగా చిన్నారుల మరణాలను నివారించవచ్చని 2016లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. ఈ లెక్కన చూస్తే ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదని, శిశువుల ప్రాణాలకు సంబంధించినదని అర్థమవుతుంది.

పొలం గట్టున లేని అభ్యంతరం

బహిరంగంగా బిడ్డకు పాలివ్వడం మన సంస్కృతికి విరుద్ధమన్న వాదన అప్పుడప్పుడు వినిపిస్తూ ఉంటుంది. వాస్తవం ఇందుకు భిన్నం. నాట్లకు, కలుపులకు వెళ్లే తల్లులు చెట్టు కొమ్మకు చీరతో ఉయ్యాల కట్టి, బిడ్డ లేచినప్పుడల్లా గట్టు మీద కూర్చొని పాలివ్వడం తెలుగు పల్లెలకు కొత్త కాదు. అరుగు మీద, రచ్చబండ పక్కన, పల్లె బస్సులో పైట చాటున పాలిచ్చే తల్లిని ఎవరూ వింతగా చూసేవారు కారు. పాలు తాగుతున్న చిన్నికృష్ణుని కింద దించి, పొంగిపోతున్న పాలకుండ వద్దకు యశోద పరుగెత్తిన ఘట్టాన్ని భాగవతంలో భక్తితో వినే సమాజం మనది. పురాణంలో పవిత్రమైనది బస్టాండులో అభ్యంతరకరం ఎలా అవుతుందన్నది ఆలోచించవలసిన విషయం.

పట్టణ జీవనంలో పరిస్థితి మారింది. ఉమ్మడి కుటుంబాలు తగ్గి, బయటకు వెళ్లినప్పుడు అడ్డుగా కూర్చునే అత్తగారో, పిన్నిగారో తోడు లేకుండా పోయారు. చీర స్థానంలో వచ్చిన దుస్తులు పాలివ్వడానికి అన్నివేళలా అనువుగా ఉండడం లేదు. చుట్టూ ఉన్నవారు అపరిచితులు. పైగా చేతిలో కెమెరా లేని మనిషి కనిపించని రోజులివి. స్త్రీ శరీరాన్ని వ్యాపార ప్రకటనలలో చూడడానికి అలవాటుపడిన కళ్లు, తల్లి ఒడిలోని బిడ్డను చూసి ఇబ్బంది పడడం విచారకరం.

2018 నవంబరులో కోల్‌కతాలోని ఒక షాపింగ్ మాల్‌లో బిడ్డకు పాలిచ్చేందుకు చోటు అడిగిన తల్లికి సిబ్బంది మరుగుదొడ్డిని చూపించడం దేశవ్యాప్తంగా చర్చనీయాంశమైంది. పెద్దలెవరూ కూర్చొని భోజనం చేయని చోట శిశువుకు ఆహారం ఇవ్వమనడం ఎంతవరకు సమంజసమని పలువురు ప్రశ్నించారు. అదే ఏడాది మలయాళ పత్రిక గృహలక్ష్మి పాలిస్తున్న స్త్రీ చిత్రాన్ని ముఖచిత్రంగా ప్రచురించినప్పుడు, అది అశ్లీలమంటూ కేరళ హైకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. ఎంత ప్రయత్నించినా ఆ చిత్రంలో తమకు అశ్లీలత కనిపించలేదని న్యాయస్థానం స్పష్టం చేసి వ్యాజ్యాన్ని కొట్టివేసింది.

న్యాయస్థానాల స్పష్టీకరణ

బహిరంగ ప్రదేశాలలో తల్లులకు పాలిచ్చే వసతి కల్పించాలని కోరుతూ 2018లో ఢిల్లీ హైకోర్టులో దాఖలైన వ్యాజ్యంలో పిటిషనరు తొమ్మిది నెలల శిశువు కావడం విశేషం. తల్లిపాలు పట్టడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద తల్లికి గల విడదీయరాని హక్కు అని కర్ణాటక హైకోర్టు 2021లో ఒక కేసులో పేర్కొంది.

వీటన్నిటికీ మకుటం వంటిది సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరి 19న ఇచ్చిన తీర్పు. ప్రభుత్వ భవనాలలో, బహిరంగ ప్రదేశాలలో పాలిచ్చే గదులు, శిశు సంరక్షణ గదులు, శిశు సదనాలు ఏర్పాటు చేయాలని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2024 ఫిబ్రవరి 27న రాష్ట్రాలకు లేఖ రాసింది. ఈ సూచనలను అమలులోకి తేవాలని న్యాయస్థానం రాష్ట్రాలను ఆదేశించింది. ఇప్పటికే ఉన్న ప్రదేశాలలో సాధ్యమైనంత వరకు, నిర్మాణంలో ఉన్న, కొత్తగా తలపెట్టే ప్రభుత్వ భవనాలలో ప్రణాళిక దశలోనే తగిన స్థలం కేటాయించాలని సూచించింది. అంతటితో ఆగక, బహిరంగ ప్రదేశాలలో, పని చేసే చోట బిడ్డకు పాలివ్వడాన్ని తప్పుగా చూడరాదని పౌరులకు గుర్తు చేసింది. స్త్రీల గౌరవానికి భంగం కలిగించే ఆచారాలను విడనాడడం రాజ్యాంగంలోని 51ఎ(ఇ) అధికరణం ప్రకారం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని ఈ సందర్భంగా ప్రస్తావించింది.

చట్టం తల్లి పక్షానే

బహిరంగ ప్రదేశంలో బిడ్డకు పాలివ్వడాన్ని నిషేధించే చట్టమేదీ మన దేశంలో లేదు. బస్సులోనైనా, పార్కులోనైనా, కార్యాలయ ఆవరణలోనైనా తల్లి నిశ్చింతగా పాలివ్వవచ్చు. ఒక వ్యక్తి ఆంతరంగిక శరీర భాగాల చిత్రాన్ని అనుమతి లేకుండా తీయడం, పంపడం, ప్రచురించడం సమాచార సాంకేతిక చట్టంలోని 66ఇ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలుశిక్ష గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. ఆ వ్యక్తి బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన ఈ రక్షణ తొలగిపోదు.

ఉద్యోగినుల విషయంలో, 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది. 50 మంది లేదా అంతకు మించి పని చేసే సంస్థలలో శిశు సదనం తప్పనిసరి అయింది. తిరిగి విధుల్లో చేరిన తల్లికి బిడ్డ 15 నెలల వయసు వచ్చే వరకు రోజుకు రెండు పర్యాయాలు పాలిచ్చేందుకు విరామం ఇవ్వాలన్న నిబంధన 1961 నాటి చట్టంలోనే ఉంది. 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ నిబంధనలకు చోటు లభించింది. అయితే వ్యవసాయ కూలీలు, భవన నిర్మాణ కార్మికులు, తోపుడు బండ్ల మీద, రోడ్డు పక్కన అమ్ముకొనే మహిళలకు సెలవూ లేదు, ప్రత్యేక గదీ లేదు. వారికి పని చేసే చోటే బహిరంగ ప్రదేశం. సమాజం చూపు మారడం అందరికన్నా ముందుగా అవసరమైనది వీరికే.

ఇతర దేశాలలోనూ ఈ దిశగా చట్టాలు వచ్చాయి. బహిరంగ ప్రదేశంలో రెండేళ్ల లోపు బిడ్డకు పాలు పట్టకుండా ఉద్దేశపూర్వకంగా అడ్డుకోవడాన్ని స్కాట్లాండ్ 2005లోనే శిక్షార్హమైన నేరంగా ప్రకటించింది.

గది సౌకర్యమే గాని షరతు కాదు

తమిళనాడు ప్రభుత్వం 2015లో బస్ స్టేషన్లలో తల్లులు పాలిచ్చే గదులను పెద్దఎత్తున ప్రారంభించింది. 2019లో ఆగ్రాలోని తాజ్ మహల్ ఆవరణలోనూ ఇటువంటి గది ఏర్పాటైంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం అందుబాటులోకి రావడంతో బిడ్డలను ఎత్తుకొని ప్రయాణించే తల్లులకు ఈ వసతి మరింత అవసరమైంది. బస్ స్టేషన్లు, రైల్వే స్టేషన్లు, ఆసుపత్రులు, పుణ్యక్షేత్రాలు, మార్కెట్ యార్డులు, తహసీల్దార్ కార్యాలయాలు ఈ విషయంలో ప్రథమ ప్రాధాన్యం పొందవలసినవి.

గది ఉంటే చాలదు. వీపుకు ఆనుకొనే కుర్చీ, లోపలి గడియ, గాలి, వెలుతురు, తాగునీరు, చేతులు కడుక్కొనే వసతి, శుభ్రత ఉండాలి. దారి చూపే బోర్డు ఉండాలి. తాళం వేసి, తాళంచెవి కోసం ముగ్గురిని అడగవలసి వస్తే ఆ గది ఉన్నా లేనట్లే. సామాన్లు నిల్వ చేసుకొనే కొట్టుగా మారినా అంతే.

మరొక ముఖ్య విషయం. చాటు కోరుకొనే తల్లికి గది ఒక సౌకర్యం. ఉన్నచోటనే పాలిచ్చే తల్లిని అక్కడి నుంచి లేపడానికి అది సాకు కారాదు. గది ఉంది కదా, అక్కడికి వెళ్లమని గద్దించడం మొదలైతే, వసతి పేరిట కొత్త నిషేధం వచ్చినట్లే అవుతుంది. కొంగు కప్పుకోవాలా, గదికి వెళ్లాలా, ఉన్నచోటనే కూర్చోవాలా అన్నది నిర్ణయించుకోవలసింది తల్లి మాత్రమే.

అందరి బాధ్యత

ఇందుకు పెద్ద ఖర్చేమీ అవసరం లేదు. బస్సులో పాలిచ్చే తల్లికి కిటికీ పక్క సీటు ఇవ్వడం, పక్కనున్నవారు కాస్త జరిగి కూర్చోవడం, తేరిపార చూడకుండా ఎవరి పనిలో వారు ఉండడం, ఎవరైనా వ్యాఖ్యానిస్తే పెద్దవారు అక్కడికక్కడే వారించడం అందరికీ సాధ్యమే. కండక్టర్లు, భద్రతా సిబ్బంది, దుకాణాలవారు ఈ విషయంలో అవగాహన కలిగి ఉండాలి. భర్త, అత్తమామలు బయట పాలివ్వవద్దమ్మా అనకుండా, మేమున్నాము, నువ్వు పాలివ్వమ్మా అని ధైర్యం చెబితే తల్లి సంకోచం సగానికి సగం తగ్గుతుంది. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ కార్యకర్తలు గర్భిణులకు ఇచ్చే సలహాలలో ప్రయాణాలలో పాలిచ్చే విధానాన్ని కూడా చేర్చడం ప్రయోజనకరం.

తల్లిపాలు తాగి పెరిగిన సమాజమే బిడ్డకు పాలిచ్చే తల్లిని చిన్నబుచ్చడం తల్లి రొమ్ము గుద్దినట్లే అవుతుంది. పాలిస్తున్న తల్లిని చూసినప్పుడు అక్కడ ఒక పసిబిడ్డ అన్నం తింటున్నదని గ్రహిస్తే చాలు. ఆ చిన్నారి కడుపు నిండే వరకు ఆ తల్లిని ప్రశాంతంగా కూర్చోనివ్వడం ప్రతి ఒక్కరి కర్తవ్యం.