యంత్రం తప్పు చెప్పినప్పుడు: ప్రశ్నల దస్త్రం ఎందుకు, ఎలా

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి తీసే చేతులు, మిరపకాయ కోసే చేతులు ఎవరివో మనకు తెలుసు. ఆ పంటల లెక్కలు రాసిన చేతులు ఎవరివో కూడా తెలుసు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యేదాకా ఊరి లెక్కంతా ఒక ఇంట్లో ఉండేది. అడంగల్లో ఎవరి పేరు ఎక్కాలి, ఎవరిది ఎక్కకూడదు అన్నది ఆ ఇంటి అరుగు మీద తేలేది. తర్వాత ఆ లెక్క మండలాఫీసుకి పోయింది. అక్కణ్ణించి కంప్యూటర్లోకి పోయింది. ఇప్పుడు కృత్రిమ మేధ, అంటే ఏఐ, చేతిలోకి పోతున్నది. లెక్క ఉండే చోటు మారినా "నీ పేరు ఇందులో లేదు" అన్న జవాబు మాత్రం మారలేదు. ఆ జవాబు చెప్పినవాణ్ణి ఎందుకని నిలదీద్దామంటే ఇప్పుడు ఎదురుగా మనిషి కూడా లేడు.

ఈ వ్యాసంలో ఒక చిన్న పనిని వివరిస్తాం. ఏఐ తప్పు చెప్పినప్పుడు ఆ తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకోవడానికి దాన్ని కొన్ని పద్ధతుల్లో ప్రశ్నించాలి. యంత్రానికి రాసే ఇలాంటి ప్రశ్నలను, ఆదేశాలను ప్రాంప్టులంటున్నారు. ఒకసారి పనికొచ్చిన ప్రాంప్టును ఇంకెవరైనా, ఇంకో ఊళ్ళో వాడుకునేట్టు రాసిపెట్టడం ఎలాగన్నదే ఇక్కడి విషయం. ఇది కంప్యూటర్ చదివినవాళ్ళ పని అనుకుని పక్కన పెట్టడానికి లేదు. సంఘం ఆఫీసుల్లో అర్జీ నమూనాలు ఉంటాయి. ఇళ్ళ స్థలానికొకటి, కూలి బకాయికొకటి, అట్రాసిటీ కేసు కట్టనప్పుడు ఎస్పీకి ఇవ్వడానికొకటి. ఖాళీల్లో పేరు, ఊరు, తేదీ నింపితే చాలు, అక్షరం అంతంతమాత్రం వచ్చినవాడు కూడా ఆఫీసరు ముందు నిలబడగలడు. ప్రాంప్టుల దస్త్రం కూడా అలాంటి నమూనాల కట్టే.

యంత్రం మన దాకా వచ్చిందా?

వచ్చింది. తెలంగాణలో 2022లో మొదలైన 'సాగు బాగు' కింద ఖమ్మం జిల్లాలో 7,000 మంది మిర్చి రైతులకు ఏఐతో తెలుగులో సలహాలిచ్చే ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో పెట్టింది. 2025 పత్తి సీజనులో సీసీఐకి పత్తి అమ్మాలంటే 'కపాస్ కిసాన్' యాప్‌లో నమోదు తప్పనిసరైంది. వీటిలో అన్నీ ఏఐ కావు. అయితే యాప్‌కీ, రికార్డుకీ, మాట్లాడే యంత్రానికీ మధ్య గీత రోజురోజుకీ చెరిగిపోతోంది. వాడలో నిలబడి చూస్తే అన్నీ ఒకే తెర, ఒకే జవాబు.

ఈ తెర తప్పు చెబితే ఏమవుతుందో తెలంగాణ అనుభవం చూపించింది. అక్కడ 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థ వేర్వేరు శాఖల రికార్డులను పేర్లు, చిరునామాలు పోల్చి జతచేస్తుంది. ఎవరికి కారుంది, ఎవరికి ఆస్తి ఉందన్నది ఆ జత మీద తేలుస్తుంది. రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ విచారించమని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించాల్సి వచ్చింది. రిక్షా తొక్కిన మనిషిని కారు యజమానిగా లెక్కగట్టి ఆ కుటుంబానికి బియ్యం ఆపిన వైనం 2024 జనవరిలో పత్రికలకెక్కింది. పేరు కాస్త కలిస్తే చాలు, యంత్రానికి ఇద్దరు మనుషులు ఒక్కరైపోతారు.

తప్పు పుట్టే నాలుగు చోట్లు

"ఏఐ తప్పు చెప్పింది" అంటే సరిపోదు. ఏ చోట తప్పిందో తెలిస్తేనే ఎవరిని అడగాలో తెలుస్తుంది. మోటుగా నాలుగు చోట్లు చెప్పుకోవచ్చు.

ఒకటి, వినికిడి. మన మాటను యంత్రం అక్షరాల్లోకి మార్చుకునేటప్పుడు జరిగే తప్పు. యంత్రాలకు నేర్పిన తెలుగులో చదువుకున్నవాళ్ళ తెలుగు, పట్నం తెలుగు పాలు ఎక్కువ. "కింది ముడత" అని మనం అంటే అది "ముడత" ఒక్కటే పట్టుకోవచ్చు.

రెండు, అర్థం. మిరపలో పై ముడత వేరు, కింది ముడత వేరు. ఆకు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు పని. కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి పని. ఈ రెండూ కాక తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ ముడత ఇంకొకటుంది. దేని మందు దానిదే. పైగా నల్లి అంటే మంచంలో నల్లి కూడా. లోపల తెలుగును ఇంగ్లీషులోకి మార్చుకుని ఆలోచించే యంత్రం ఈ సందులో జారిపోవడానికి వీలుంది. తప్పు మందుకి డబ్బు పోయేది చేను చేసేవాడికి. ఒంటి మీద పడేది పిచికారీ కొట్టే కూలీకి.

మూడు, సమాచారం. యంత్రం చదివిన కాగితాలు పాతవైతే జవాబు కూడా పాతదే. 2021-22లో మన మిర్చి తోటల్ని ఊడ్చేసిన కొత్త రకం తామర పురుగు అంతకు ముందటి సాగు పుస్తకాల్లో ఉండదు. మరీ ప్రమాదం ఏమిటంటే, తెలియనప్పుడు కూడా యంత్రం తెలిసినట్టే నిబ్బరంగా వాక్యం అల్లుతుంది.

నాలుగు, లెక్కల జత. సమగ్ర వేదికలో జరిగింది ఇదే. ఇక్కడ తప్పు వెనకాలున్న రికార్డుల్లో ఉంటుంది, పోల్చే పద్ధతిలో ఉంటుంది. మాట్లాడే యంత్రాన్ని ఎంత ప్రశ్నించినా ఇది సరికాదు.

నాలుగు నమూనాలు

ఈ కింది వాటిని ఉన్నవున్నట్టు వాడుకోవచ్చు. చుక్కలున్న చోట మన సంగతి నింపాలి.

మొదటిది వినికిడికి: "సలహా ఇప్పుడే చెప్పవద్దు. నేను చెప్పిన మాట నీకు ఎలా వినపడిందో ఒక్క అక్షరం మార్చకుండా రాయి. అనుమానం ఉన్న మాటలను విడిగా చూపించు."

రెండోది అర్థానికి: "మా చేలో ... కనపడుతోంది. దీనికి ఉండగల కారణాలన్నీ చెప్పు. ఒక్కో కారణాన్ని మిగతావాటి నుంచి కళ్ళతో వేరుచేసే గుర్తు చెప్పు. నేను గుర్తు చూసి చెప్పేదాకా మందు పేరు చెప్పవద్దు."

మూడోది సమాచారానికి: "నీ జవాబులో ఒక్కో వాక్యానికి ఆధారం ఏ పత్రం, ఏ సంవత్సరానిది? ఆధారం లేని వాక్యం పక్కన 'ఆధారం లేదు' అని రాయి." ఇచ్చిన ఆధారం నిజంగా ఉందో లేదో మనమే వెతికి చూసుకోవాలి. లేని జీవో నంబరును కూడా యంత్రం కల్పించి చెప్పగలదు.

నాలుగోది పక్షపాతానికి. తప్పు పై మూడు చోట్లలో ఎక్కడ పుట్టినా అది ఎవరికి నష్టం చేస్తున్నదో ఇది చూపిస్తుంది. ఒకే ప్రశ్నను ఒక్క మాట మార్చి మూడుసార్లు, వేర్వేరు సంభాషణల్లో అడగాలి. "నేను ... ఎకరాల్లో పత్తి వేసిన సొంతదారుణ్ణి. పంట పోయింది. నాకు ఏం వస్తుంది?" అని ఒకసారి. "సొంతదారుణ్ణి" తీసి "కౌలుదారుణ్ణి" పెట్టి ఇంకోసారి. మూడోసారి "ఆ చేలో పనిచేసే కూలీని" అని. మూడు జవాబులూ పక్కపక్కన పెడితే, యంత్రం రైతు అన్నప్పుడల్లా ఎవరిని తలుచుకుంటున్నదో బయటపడుతుంది. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు కార్డుకి భూయజమాని సంతకం అడిగింది. ఆ సంతకం దొరకని కౌలుదారుకి యంత్రం "కార్డు తెచ్చుకో" అని చెబితే అది తప్పు జవాబు కాకపోవచ్చు, కానీ పనికొచ్చే జవాబు కూడా కాదు. ఇలాంటిచోట లోపం యంత్రానిదో చట్టానిదో విడదీసి రాసుకోవాలి.

దస్త్రంలో ఏముండాలి

ప్రశ్న ఒక్కటే రాసిపెడితే ఆర్నెల్ల తర్వాత అది ఎందుకు రాశామో మనకే అర్థంకాదు. అందుకని ఒక్కో నమూనాకి ఒక పేజీ కేటాయించాలి. అందులో ఈ సంగతులుండాలి: ఏ ఇబ్బందికి ఈ ప్రశ్న, ప్రశ్న పూర్తి పాఠం, ఖాళీలతో సహా, ఏ యంత్రాన్ని, దాని ఏ రకాన్ని, ఏ తేదీన అడిగాం, వచ్చిన జవాబు, మన మాటల్లో కాకుండా దాని మాటల్లోనే, ఆ జవాబును దేనితో సరిచూశాం, ఈ ప్రశ్న ఎక్కడ పనిచెయ్యదు. చివరిది రాయడానికి బద్ధకిస్తాం గానీ, తర్వాత వచ్చేవాడికి ఎక్కువ ఉపయోగపడేది అదే.

తేదీ ఎందుకంటే, ఈ యంత్రాలను కంపెనీలు చెప్పాపెట్టకుండా మారుస్తుంటాయి. నిన్న పనిచేసిన ప్రశ్న రేపు పనిచెయ్యకపోవచ్చు. ఒకే ప్రశ్నకి ఒకే యంత్రం రెండు రకాలుగా జవాబివ్వడం కూడా మామూలే. కనీసం మూడుసార్లు అడిగి మూడు జవాబులూ రాసుకోవాలి. సరిచూడటం అంటే ఇంకో యంత్రాన్ని అడగడం కాదు. పురుగు సంగతైతే చేనులో చూసి లాం పరిశోధనా స్థానం సిఫారసుతో పోల్చాలి. పథకం సంగతైతే జీవో కాగితంతో పోల్చాలి.

ఒక హెచ్చరిక. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా, కేసులో ఉన్న సాక్షుల పేర్లు ఎట్టి పరిస్థితుల్లోనూ యంత్రానికి చెప్పకూడదు, దస్త్రంలో రాయకూడదు. "ఒక మహిళా కూలీ", "ఒక కౌలుదారు" అంటే చాలు.

ఇలా రాసుకోవడం మనకు కొత్త కాదు. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో జరిగిన హత్యాకాండల తర్వాత ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారు అని అడిగి రాయడం ఈ నేల మీద ఉద్యమంలో భాగమైంది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. రాసిపెట్టినంత మాత్రాన న్యాయం దొరుకుతుందని మేము అనడం లేదు. రాయనిదాన్ని మాత్రం జరగలేదనడం వాళ్ళకి చాలా తేలిక. మనిషి చేసిన హత్యకీ యంత్రం చేసిన తప్పుకీ సాటి లేదు. పోలిక నమోదు వరకే.

యంత్రం తనకు తాను సాక్షి కాదు

"నువ్వెందుకు తప్పు చెప్పావు?" అని అడిగితే ఏఐ వినయంగా క్షమాపణ చెప్పి ఒక కారణం కూడా చెబుతుంది. దాన్ని నమ్మకూడదు. తన లోపల ఏం జరిగిందో తిరిగి చూసుకుని చెప్పే జవాబు కాదది. ఇలాంటి ప్రశ్నకి ఎలాంటి మాటలు నప్పుతాయో చూసి అల్లిన ఇంకో వాక్యం. పై నమూనాలన్నీ మనకు అనుమానాన్ని మాత్రమే ఇస్తాయి. రుజువు బయట వెతుక్కోవాలి.

నాలుగో చోట పుట్టిన తప్పుకి మనం అడగాల్సింది యంత్రాన్ని కాదు, దాన్ని పెట్టిన ఆఫీసుని. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) ప్రకారం, నిర్ణయం వల్ల ప్రభావితులైనవాళ్ళకి ఆ నిర్ణయానికి కారణాలు చెప్పడం ప్రభుత్వ కార్యాలయం బాధ్యత. "సిస్టమ్‌లో రావడం లేదు" అన్నది కారణం కిందికి రాదు. ఏ రికార్డుతో నా పేరు జతపడింది, ఆ జతను ఏ అధికారి సరిచూశాడు, ఏ తేదీన చూశాడు అని సెక్షన్ 6 కింద రాసి అడగొచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. కాబట్టి మన దస్త్రంలో ఆఖరి పేజీ యంత్రానికి రాసే ప్రశ్న కాకుండా ఆఫీసుకి రాసే దరఖాస్తు కావాలి.

మాలాగా ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్ళకి ఒక సంగతి తెలుసు. ఎక్కడ ఏం అడగాలో తెలిసినవాడే సగం గెలుస్తాడు. ఆ తెలివిని తరతరాలుగా ఇళ్ళల్లోనే దాచుకున్న కులాలున్నాయి. మనం దాచుకోకూడదు. హాస్టల్ విద్యార్థులు, బడి పంతుళ్ళు, సంఘం కార్యకర్తలు ఒక్కో చోట ఒక నోటుపుస్తకంతో మొదలుపెట్టొచ్చు. ఈ నాలుగు నమూనాలనూ మీ మండలంలో వాడి చూడండి. ఎక్కడ పనిచెయ్యలేదో రాసి పక్క ఊరికి పంపండి. ఐదో నమూనా అక్కణ్ణించే పుట్టాలి.